గుర్వమ్మ వేయించిన చాటింపు

గుర్వమ్మ మెడ పక్కకు తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే పాదాలతో సహా మనిషి మొత్తం అటు తిరగాలి. నడుము వంగిపోయి ఉంటుంది, మోకాళ్లు పూర్తిగా చాచడానికి రావు. మా వైపు ఆ వయసు వాళ్లలో ఇదేం వింత కాదు. నీళ్లలో ఉన్న ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లోకి దిగితే మనిషి అట్లాగే అవుతాడు. ఆమె భర్త భిక్షపతికి చివరి రెండేళ్లు మంచంలో పక్కకు ఒత్తిగిలడానికి కూడా మనిషి సాయం కావాల్సి వచ్చిందట. బస్సు దిగిన కొత్తవాళ్లెవరైనా జాలిగా చూస్తే గుర్వమ్మే ముందు అందుకునేది.

"నేను అటు ఇటు సూడ బిడ్డా. నాకు గంత గర్వం."

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను నెమిలికుంట హైస్కూలుకు సైన్సు టీచరుగా బదిలీ మీద వచ్చాను. మాది పానగల్లు. దేవరకొండ రోడ్డు మీద బస్సు ఆగే చోట నాలుగు రేకులు కప్పిన గుర్వమ్మ చాయ్ హోటల్ ఉంటుంది. పదకొండేళ్లుగా పొద్దున ఒకటి, బడి విడిచాక ఒకటి అక్కడ తాగుతున్నాను. సైన్సు టీచరునని ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కథలో సిగ్గుపడాల్సిన వాళ్లలో మొదటివాణ్ని నేనే.

ఆ హోటల్లో చాయ్ ఎంత చిక్కగా ఉండేదో నవ్వులు కూడా అంత చిక్కగా ఉండేవి. నవ్వులకు సరుకు తెచ్చేవాడు వెంకన్న. గొర్రెలు కాసుకునే మనిషి. గొర్రెలు మేసినంతసేపు ఫోను చూస్తాడు, ఫోనులో వచ్చిందల్లా నమ్ముతాడు, మర్నాడు పొద్దున్నే వచ్చి గుర్వమ్మకు చదివి వినిపిస్తాడు. చాయ్‌లో విషం ఉందని వారానికో కబురు తప్పకుండా ఉండేది.

"అవ్వా, చాయ్‌పత్తల ఇనుప పొడి కలుపుతున్నరంట," అన్నాడు ఒకరోజు.

"మంచిగాయె. నీ పెండ్లాం ఒంట్ల ఇనుము తక్కువున్నదని డాక్టరమ్మ గోలీలు రాసింది కద. రేపటి సంది గోలీలు బందు పెట్టి నా చాయ్ తాపు."

వెంకన్న ఊరుకునే రకం కాదు. మర్నాడు పాడైన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చి చాయ్‌పత్త డబ్బాలో కలియతిప్పాడు. బయటికి తీస్తే నిజంగానే ఏదో అంటుకొని వచ్చింది. బల్లల మీద ఉన్నవాళ్లం లేచి చూశాం. అది పిన్నీసు. గుర్వమ్మ దాన్ని అందుకొని కొంగుకు తుడిచి పెట్టుకుంది.

"మూడు దినాల సంది దేవులాడుతున్న దీనికోసం. నీ పోన్ల నా ముక్కుపుడక సంగతి గూడ ఏమన్న వచ్చిందా?"

పేపరు కప్పుల్లో మైనం ఉంటుందంటే, అది కడుపులో పడితే కరెంటు పోయినప్పుడు లోపల దీపం ముట్టించుకోవచ్చంది. చాయ్ తాగితే మనుషులు నల్లబడతారంటే, "ముప్పై ఏండ్ల సంది తెల్లటి పాలు పోసి ఇస్తున్న. ఒక్కడన్న తెల్లబడ్డడా?" అని అందరి మొహాలూ చూపించింది. ఆ మొహాల్లో నాది కూడా ఉంది. నవ్వినవాళ్లలోనూ నేనున్నాను. ఆ కబుర్లలో చాలా మటుకు పనికిమాలినవే. ఆమె వాటిని నమ్మకపోవడం నాకు ఎంతో నచ్చేది. ఇంట్లో మా ఆవిడతో, సైన్సు నేను బడిలో చెప్తాను, గుర్వమ్మ హోటల్లో చెప్తుంది అనేవాణ్ని.

హోటల్ వెనక ఒక చేతి బోరింగు ఉంది. రాష్ట్రం రాకముందెప్పుడో అధికారులు నీళ్లు పరీక్ష చేసి దాని మూతికి ఎర్ర రంగు పూసి పోయారు. ఎర్ర రంగు ఉంటే తాగొద్దని లెక్క. కానీ అప్పుడు ఊళ్లో వేరే దిక్కు లేదు. ఎర్ర రంగు చూస్తూనే తాగారు. 2018లో ఇంటింటికీ నల్లా వచ్చి కృష్ణ నీళ్లు పడ్డాయి. ఆ రోజు నల్లాకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి చెంబు నీళ్లు భిక్షపతి ఫోటో ముందు పెట్టింది గుర్వమ్మ. ఆ ఒక్కరోజు ఆమె ఏ జోకూ వేయలేదు. జర ముందు వచ్చి ఉంటే నా మొగడు కూసొని చచ్చిపోయేటోడు సారూ, అని మాత్రం అంది.

ఆ ముందటేడు కొడుకు పరమేష్‌కు బిడ్డ పుట్టింది. పేరు నిరోష. పరమేష్, కోడలు పుష్ప పొద్దున్నే పత్తి చేన్లకు కూలికి పోతే పిల్ల పగలంతా హోటల్లోనే. పాకే వయసు నుంచి నేను చూస్తున్నాను. గుర్వమ్మ టోస్టును సాసర్‌లో చాయ్ పోసి నానబెట్టి తినిపించేది. తర్వాత్తర్వాత పిల్లే గిలాస పట్టుకొని తాగడం నేర్చుకుంది. నీళ్లకంటే చాయ్ ఎక్కువ తాగే పిల్ల. మేమంతా ముచ్చట పడేవాళ్లం.

పోయినేడాది జూలైలో మా బడికి పళ్ల డాక్టరు వచ్చింది. ప్రైమరీ స్కూలు, హైస్కూలు ఒకే ఆవరణలో ఉంటాయి. మూడో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి టార్చి లైటుతో చూస్తోంది. నేను పక్కన పేర్లు రాస్తున్నాను. ఒక్కొక్కరు నోరు తెరుస్తున్నారు. తెల్లటి పళ్లు. పదేళ్లకు పైగా ఆ బడిలో పాఠాలు చెప్తూ గోధుమ రంగు చారల పళ్లు చూసీ చూసీ, పిల్లల పళ్లంటే అట్లాగే ఉంటాయన్నంతగా అలవాటు పడ్డాను. నల్లా నీళ్ల మీద పెరిగిన మొదటి పిల్లలు వీళ్లు. డాక్టరు ముందు కళ్లు తుడుచుకోవడం బాగుండదని తల వంచుకొని రాశాను.

తర్వాత నిరోష వచ్చింది. డాక్టరు టార్చి అట్లాగే పెట్టి చాలాసేపు చూసింది.

"ఈ పాప ఏ నీళ్లు తాగుతుంది సార్?"

"అందరివీ నల్లా నీళ్లే మేడమ్. ఏడేళ్లయింది."

"ఈ పళ్లు నల్లా నీళ్ల పళ్లు కావు."

పిల్ల నోరు మూసుకొని అంది: "నేను నీళ్లు తక్కువ తాగుత మేడమ్. చాయ్ తాగుత. మా అవ్వ చాయ్."

డాక్టరు ఇంకేదో అడుగుతోంది గానీ నాకు వినిపించలేదు. హోటల్ వెనక ఎర్ర మూతి బోరింగు కళ్ల ముందుకు వచ్చింది. పొద్దున్నే ఆమె దాని పక్కన బిందె పెట్టుకొని కొట్టడం నేను వెయ్యిసార్లు చూశాను. గిలాసలు కడగడానికేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు. దీపం కిందనే చీకటంటారు, ఆ దీపాన్ని నేనే.

మధ్యాహ్నం బడి మధ్యలోనే హోటల్‌కు పోయాను. గంజులో చాయ్ మరుగుతోంది. గిరాకీ లేదు.

"గుర్వమ్మా, చాయ్‌కి ఏ నీళ్లు పోస్తున్నవ్?"

"గా బోరింగుయి సారూ," అంది చేయి చూపించి. దాపరికం ఏమీ లేదు ఆ గొంతులో. "నల్లా వచ్చిన కొత్తల గా నీళ్లతోనే చేసిన. రంగే దిగదాయె. ఎంకన్న తాగి, గిది చాయా గుళ్లె తీర్థమా అన్నడు. నలుగురు గట్లనే అన్నరు. అందుకని తాగే నీళ్లు నల్లాయి పెడుతున్న, చాయ్‌కి బోరింగుయి పోస్తున్న."

"అది ఎర్ర బోరింగు కదా."

"కాగుతయి కద సారూ. కాగినంక నీళ్లకు ఏం దోషముంటది?"

ఆ మాట ఆమె సొంతంగా కల్పించింది కాదు. ఇరవై ఏళ్ల కింద ఊళ్లో వాంతులు విరేచనాలతో నలుగురు పోయారట. అప్పుడు నీళ్లు కాచి చల్లార్చి తాగాలని వాడవాడలా డప్పు కొట్టించి చాటింపు వేయించారు. జనం కాచి తాగారు, రోగం తగ్గింది. అప్పటి నుంచి కాగిన నీళ్లకు తిరుగులేదని ఊరు నమ్మింది. అది మంచి మాటే. అది ఏ రోగానికి చెప్పిన మాటో ఎవరూ విడిగా చెప్పలేదు. చెప్పాల్సిన ఉద్యోగం నాది.

పురుగులు కాగితే చస్తాయి గానీ ఫ్లోరైడు చావదని చెప్పాను. ఆమె నవ్వింది. "సారూ, నువ్వు గూడ ఎంకన్న తీర్గ షురూ చేస్తివి."

నేను నవ్వలేదు. ఆమె నా మొహం సరిగ్గా చూడడానికి మొత్తం ఇటు తిరిగింది. అప్పుడు నిరోష పళ్ల సంగతి చెప్పాను. డాక్టరు అన్న మాట అన్నట్టే చెప్పాను. గంజులో చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. గుర్వమ్మ చూడలేదు.

"పులుసు మరిగితే నీళ్లు పోతయి," అంది చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఉప్పు పోదు. ఇంత ఎక్కువైతది. గట్లనే కదా సారూ?"

"అట్లనే."

నేను ముప్పై ఏళ్లుగా చెప్తున్న పాఠం ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. తర్వాత రెండు చేతులా చెంగు చుట్టుకొని గంజు దింపి, వంగిన నడుముతోనే మోసుకెళ్లి బోరింగు పక్కన మోరీలో పారబోసింది. సాయం చేస్తానంటే వద్దంది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది ఆమె నాకు తర్వాత చెప్పింది. పుష్ప చేనునుంచి వచ్చి బిడ్డ నోరు తెరిపించి చూసిందట. ఆ పిల్ల చాలాకాలంగా నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటోంది. ఆడపిల్ల కదా, సిగ్గు అనుకున్నారు అందరూ. క్లాసులో పిల్లలు పచ్చపళ్లని ఏడిపిస్తున్నారని ఆ రోజే బయటపడింది. పుష్ప కేకలు వేయలేదు. అత్తను ఎన్నడూ ఎదిరించని మనిషి. ఒక్కటే మాట అంది.

"నవ్వుకుంట తాపినవు అత్తా."

కొట్టినా గంత నొప్పి కాకపోయేది సారూ, అంది గుర్వమ్మ నాతో.

మర్నాడు పొద్దున ఆమె హోటల్ తీసింది గానీ పొయ్యి ముట్టించలేదు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు నిలబడి చెప్పింది. "నా చాయ్ తాగకుండ్రి. నల్లా వచ్చినంక గూడ ఏడేండ్ల సంది ఎర్ర బోరింగు నీళ్లే పోసిన. మీ బొక్కలు వంగుతయి, నా తీర్గ."

వెంకన్న ముందు నోరు తెరుచుకొని విన్నాడు. తర్వాత తొడ చరిచి నవ్వాడు. "ఏందవ్వా, ఇయ్యాల నా కంటె ముందే అందుకున్నవు? నీ పోన్ల వచ్చిందా గిది?" వాడు నవ్వితే పక్కవాడు నవ్వాడు. బల్లలన్నీ నవ్వాయి. ఆమె మళ్లీ చెప్పింది. ఇంకా గట్టిగా నవ్వారు. అంత గంభీరమైన మొహం పెట్టి జోకు వేయడం ఆమెకు పాత అలవాటే కదా. నేను లేచి నిజమేనని చెప్పబోతే, సార్‌ను గూడ కలుపుకున్నది ముసల్ది, అన్నారు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. ఆమె అబద్ధాలను ఎగతాళి చేసినన్నాళ్లూ ఊరు ఆమె మాట వింది. నిజం చెప్పిన రోజు వినలేదు.

గుర్వమ్మ రేకు తలుపు వేసి నేరుగా ఐలేశం ఇంటికి పోయింది. ఐలేశం ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసే మనిషి. ఇప్పుడు పంచాయతీకి మైకు వచ్చింది, గ్రూపుల్లో మెసేజీలు వచ్చాయి. అయినా చావు కబురుకో, పశువుల టీకాలకో ఐలేశం డప్పు మోగితే జనం చేతిలో పని వదిలి వాకిట్లోకి వస్తారు. దానికి ఇంకా ఆ మర్యాద ఉంది. నేను ఆమె వెనకనే పోయాను.

విషయం విని ఐలేశం డప్పు ముట్టుకోలేదు. "నీ మీద నువ్వే చాటింపు ఏపిచ్చుకుంటవా వదినా? పొట్ట కొట్టుకుంటవా? సార్ తోని నోటీసు రాపిచ్చి గోడకు అతికియ్యి."

"నా గోడ మీద ఏం రాసినా నవ్వుతరు ఐలేశం. నీ డప్పుకు నవ్వరు."

"నాతోని కాదు."

"నీళ్లు కాచి తాగుమని గప్పుడు ఊరంత చాటింది నువ్వే కద," అంది గుర్వమ్మ మెల్లగా. "గా మాట పట్టుకొని ఎందరు ఏం చేస్తున్నరో. దాన్ని సక్కజేసేది గూడ నువ్వే."

ఐలేశం లేచి గడ్డి మంట వేసి డప్పు కాచుకున్నాడు.

ఆ పొద్దు వాళ్లు ఊరంతా తిరిగారు. ముందు ఐలేశం, అతని వెనక గుర్వమ్మ. తాను కనబడకుండా చాటింపు వేస్తే దాన్ని కూడా ఎవరో గిట్టనివాళ్లు వేయించారనుకుంటారని ఆమె పట్టుబట్టి నడిచింది. ఆ మోకాళ్లతో అయిదు వాడలు నడిచింది. ప్రతి మూలమలుపు దగ్గరా డప్పు ఆగేది, ఐలేశం గొంతెత్తేవాడు.

"హోటల్ గుర్వమ్మ చెప్పమన్నది. ఏడేండ్ల సంది ఆమె చాయ్ ఎర్ర బోరింగు నీళ్లతోని కాచింది. కాగితే దోషం పోతదనుకున్నది. పోదు. ఎవలింట్లనన్న గా నీళ్లు కాచి తాగుతుంటే ఇయ్యాలటి నుంచి బందు చేయుండ్రి. పిల్లలకు చాయ్ తాపినోళ్లు దవాఖానల సూపిచ్చుకోండ్రి."

అతను చెప్పడం అయ్యాక గుర్వమ్మ ఒక్కో వాకిలి వైపు మొత్తం శరీరంతో తిరిగి, అక్కడ నిలబడ్డవాళ్ల మొహం చూసి, మళ్లీ నడిచేది. ఎన్ని వాకిళ్లుంటే అన్నిసార్లు తిరిగింది. తల తిప్పి చూసి పోగలిగిన మనిషైతే అది అంత సేపు పట్టేది కాదు. ఎవరూ నవ్వలేదు. వెంకన్న తన వాకిట్లో గొర్రెల దొడ్డి తడిక పట్టుకొని నిలబడ్డాడు. ఆమె అతని వైపు తిరిగితే తల దించుకున్నాడు.

మూడో వాడలో బక్కమ్మ అనే ముసలామె ఎదురొచ్చి అడిగింది. "గుర్వీ, నీ చాయ్ రంగు చూసి మేం గూడ ఇంట్ల గా నీళ్లే కాస్తున్నం. చంటిదాని పాలల్ల గూడ గవే కలుపుతున్నం. గది గూడ తప్పేనా?"

"తప్పే అక్కా. పారబొయ్యి."

సాయంత్రానికి అట్లాంటి ఇళ్లు తొమ్మిది తేలాయి. మర్నాడు పంచాయతీ వాళ్లు బోరింగు పిడి ఊడదీసి పట్టుకుపోయారు. వారం తిరక్కుండా నేను నిరోషను, ఆ తొమ్మిది ఇళ్ల పిల్లల్ని నల్గొండ దవాఖానకు తీసుకుపోయాను. ఎముకలకు ఇంకా ఏమీ కాలేదని, ఇక ఆ నీళ్లు ముట్టకపోతే బాగుంటారని డాక్టర్లు చెప్పారు. పళ్ల మీద చారలు మాత్రం పోవు. గుర్వమ్మ బయట బల్ల మీద కూర్చొని ఈ రెండు మాటలూ విని, రెండోది మళ్లీ చెప్పించుకుంది.

నెల రోజులు హోటల్ మూసే ఉంది. తెరవమని మొదట అడిగింది వెంకన్నే. ఇప్పుడు నల్లా నీళ్లతో చేస్తోంది. రంగు తేలికగా ఉంటుంది. వెంకన్న రోజూ వచ్చి ఒక్క మాట అనకుండా తాగిపోతాడు. ఫోను జేబులోంచి తీయడు.

మొన్న ఒకరోజు నోరు ఆగక తీశాడు. చాయ్ వడగట్టే జాలిలోంచి ప్లాస్టిక్కు కరిగి కడుపులోకి పోతుందని ఏదో వచ్చిందట. చదివి, అలవాటు కొద్దీ గుర్వమ్మ వైపు చూశాడు. బల్లల మీద మేమందరం చూశాం. ఎవరం అడగలేదు గానీ ఆ పాత నవ్వు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

గుర్వమ్మ చేతిలో జాలిని వెనకా ముందూ చూసింది. "నిజమో అబద్ధమో నాకెరుక లేదు. జర తెలుసుకో సారూ," అని నాకు ఇచ్చింది. నేను దాన్ని సంచిలో పెట్టుకున్నాను.

అప్పుడు మూలన హోంవర్కు చేసుకుంటున్న నిరోష తల ఎత్తకుండానే అంది: "ఎంకన్న మామా, గా అయస్కాంతం తెచ్చి పెట్టు. ఈసారి మా అవ్వ ముక్కుపుడక దొరుకుతదేమో."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెంకన్న ముందు నవ్వాడు, మేమంతా నవ్వాం. చాన్నాళ్లకు ఆ రేకుల కింద నవ్వు వినబడింది. తన మాటకు అంతమంది నవ్వడం చూసి పిల్లకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

గుర్వమ్మ పొయ్యి దగ్గర నుంచి మొత్తం ఇటు తిరిగింది. మనవరాలి నోటి మీదున్న చేతిని చూస్తూ నిలబడింది.

"చెయ్యి తియ్యి బిడ్డా," అంది. "ఎవలేమనరు. తియ్యి."

నిరోష తల అడ్డంగా ఊపింది. చేయి తీయలేదు.